క్యాంటన్ గడప బయటే కెన్ ఆండర్సన్

సంపాదకులకు నమస్కారం.

ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఫైనల్ అయిన సూపర్‌బౌల్ ముగిసిందంటే అమెరికాలోని తెలుగిళ్లలో ఒక వాదన ఊపందుకుంటుంది. ఆట మానేసిన క్వార్టర్‌బ్యాకుల్లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఆటలో మేటివాళ్లను చేర్చుకునే గౌరవ మందిరానికి, తగినవాళ్లెవరు, కానివాళ్లెవరు అని. న్యూజెర్సీలో పెరిగిన పిల్లలు ఈలై మానింగ్ అంటారు. ఫిలడెల్ఫియా పక్కన ఉన్నవాళ్లు డోనవన్ మెక్‌నాబ్ అంటారు. మా మాట ముందే చెప్పేస్తాం. ఇవాళ బయట నిలబడ్డ వాళ్లందరిలో మొదట లోపలికి వెళ్లాల్సిన మనిషి కెన్ ఆండర్సన్. సిన్సినాటి బెంగాల్స్ జట్టుకి 1971 నుంచి 1986 దాకా 16 సీజన్లు ఆడాడు, మరో జట్టు చొక్కా తొడగలేదు. ఆయన తర్వాతే ఇంకెవరైనా.

తెలుగు రాష్ట్రాల్లోని పాఠకుల కోసం ఆట గురించి రెండు ముక్కలు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలుంటాయి. ప్రతి అవకాశంలోనూ బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎదుటి జట్టు వాళ్లు మీద పడేలోగా, రెండు మూడు సెకన్లలో, ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. తనవాడు పట్టుకుంటే లాభం. పట్టుకుని గోల్ గీత దాటితే టచ్‌డౌన్. ఎదుటివాడు పట్టేస్తే ఇంటర్‌సెప్షన్, బంతి వాళ్లదైపోతుంది. 1920లో ఈ లీగ్ పుట్టింది ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్ ఊళ్లో, ఒక కార్ల షోరూములో. అందుకే 1963లో హాల్ ఆఫ్ ఫేమ్‌ను కూడా అక్కడే తెరిచారు. ఆట మానేసి అయిదు సీజన్లు గడిచాకే పేరు పరిశీలనకు వస్తుంది.

ఓట్లు వేసేది 50 మంది సెలెక్టర్లు, ఎక్కువగా పాత్రికేయులే. నూటికి 80 వంతులు, అంటే 40 ఓట్లు, పడాలన్నది నియమం. ఈమధ్య మార్చిన పద్ధతిలో చిక్కంతా లెక్కలోనే ఉంది. ఆట మానేసి 25 సీజన్లు దాటిన వాళ్లను సీనియర్లంటారు. ముగ్గురు సీనియర్లను, ఒక కోచ్‌ను, జట్టు యజమాని లాంటి ఒక నిర్వాహకుణ్ణి కలిపి ఒకే చీటీ మీద అయిదు పేర్లుగా పెడతారు. ఒక్కో సెలెక్టరు అందులో మూడింటికి ఓటెయ్యాలి. 50 మందికి మూడేసి చొప్పున మొత్తం 150 ఓట్లు. అయిదుగురికీ సమానంగా పడితే తలా 30 వస్తాయి, ఎవరికీ 40 అందవు. ముగ్గురు గట్టెక్కాలంటే 120 ఓట్లు ఆ ముగ్గురికే పోవాలి, తక్కిన ఇద్దరికీ కలిపి 30 మిగలాలి. అందరూ ఒకే ముగ్గుర్ని తలచుకుంటే తప్ప అది జరగదు. ఇటీవల ఆడిన వాళ్ల విషయంలోనూ ఇదే ఇబ్బంది. చివరికి మిగిలిన ఏడుగురిలో అయిదుగురికి ఓటెయ్యాలి. 250 ఓట్లు ఏడుగురికి పంచితే సగటు 36కి కూడా చేరదు. 2025లో ఈ పద్ధతి మొదలైనప్పుడు మొత్తం కలిపి నలుగురే లోపలికి వెళ్లారు.

2026 ఎన్నికలో ఆండర్సన్ పేరు పడింది ఈ చీటీ మీదే. ఆయనతోపాటు శాన్‌ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) రోజర్ క్రెయిగ్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ డిఫెన్స్‌లో మేటి ఎల్.సి. గ్రీన్‌వుడ్, కోచ్ బిల్ బెలిచిక్, న్యూ ఇంగ్లండ్ జట్టు యజమాని రాబర్ట్ క్రాఫ్ట్. గడప దాటింది క్రెయిగ్ ఒక్కడే. ఆరు సూపర్‌బౌల్‌లు గెలిచిన కోచ్‌కే 40 ఓట్లు రాలేదని పత్రికలన్నీ కోడై కూశాయి. ఆ గోలలో ఆండర్సన్ మాటెత్తినవాళ్లు తక్కువ. ఆయన ఆ గుమ్మం దాకా వెళ్లడం కొత్త కాదు. 1996లో, 1998లో కూడా చివరి జాబితాకు చేరి వెనక్కి వచ్చాడు.

ఇక ఆట లెక్కలు. క్వార్టర్‌బ్యాక్‌ను కొలవడానికి లీగ్ 1973 నుంచి వాడుతున్నది పాసర్ రేటింగ్. చాలామంది అంకె చెబుతారు గానీ అది ఎలా వస్తుందో చూడరు. అందులో నాలుగు పాళ్లు. విసిరిన బంతుల్లో నూటికి ఎన్ని తనవాళ్లకు అందాయో ఆ అంకెలోంచి 30 తీసేసి 0.05తో గుణించాలి. ఒక్కో విసురుకి సగటున ఎన్ని గజాలు వచ్చాయో అందులోంచి 3 తీసేసి 0.25తో గుణించాలి. నూటికి ఎన్ని టచ్‌డౌన్‌లో ఆ అంకెను 0.2తో గుణించాలి. నూటికి ఎన్ని ఇంటర్‌సెప్షన్‌లో దాన్ని 0.25తో గుణించి 2.375లోంచి తీసెయ్యాలి. ఏ పాలూ సున్నాకి తగ్గకూడదు, 2.375 దాటకూడదు. నాలుగూ కూడి ఆరుతో భాగించి వందతో గుణిస్తే రేటింగ్. ఈ సూత్రం రాసిన నాటి సగటు ఆటగాడికి ఒక్కో పాలు 1 వచ్చేలా కట్టారు కనుక సగటు రేటింగ్ 66.7. గరిష్ఠం 158.3.

ఆండర్సన్ 1981 సీజన్‌ను ఇందులో పెట్టి చూడండి. 479 సార్లు విసిరితే 300 అందాయి, 3,754 గజాలు, 29 టచ్‌డౌన్‌లు, 10 ఇంటర్‌సెప్షన్‌లు. మొదటి పాలు 1.63, రెండోది 1.21, మూడోది 1.21, నాలుగోది 1.85. మొత్తం 5.90. రేటింగ్ 98.4. ఆ ఏడాది లీగ్‌లో అదే పైచేయి, ఎంవీపీ, అంటే ఏడాది అత్యుత్తమ ఆటగాడి బిరుదు, కూడా ఆయనకే దక్కింది. రేటింగ్‌లో మొదటి స్థానం ఆయనకి ఒక్క ఏడాది ముచ్చట కాదు. 1974, 1975, 1981, 1982, నాలుగుసార్లు. మొదటి రెండింటికీ తర్వాతి రెండింటికీ నడుమ ఏం జరిగిందో చూస్తేనే మా వాదన బలం తెలుస్తుంది.

1978లో లీగ్ రెండు నిబంధనలు మార్చింది. అంతకుముందు బంతి గాలిలోకి లేచేలోపు రిసీవర్‌ను (పాస్ అందుకునేవాణ్ణి) డిఫెండర్లు మైదానంలో ఎంత దూరంలోనైనా ఢీకొట్టవచ్చు. 1978 నుంచి మొదటి అయిదు గజాలు దాటాక చెయ్యి వెయ్యకూడదన్నారు. క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌మెన్‌కి చేతులు చాచి, అరచేతులతో ఎదుటివాణ్ణి ఆపే వీలిచ్చారు. దాంతో విసరడం సులువైంది, అందరి అంకెలూ పెరిగాయి. 1970ల నడుమ లీగ్ మొత్తంలో నూరు విసుర్లకి అయిదుకు పైగా ఇంటర్‌సెప్షన్ అయ్యేవి. ఇప్పుడు రెండున్నర కూడా ఉండవు. ఆండర్సన్ మొత్తం కెరీర్‌లో 4,475 విసుర్లకి 160, అంటే నూటికి 3.6. ఈనాటి కుర్రాడి పక్కన పెడితే అది ఎక్కువగా కనిపిస్తుంది. తన తోటివాళ్ల పక్కన పెడితే ఎంత జాగ్రత్త గల చెయ్యో అర్థమవుతుంది. 1975 నాటి వన్డే క్రికెట్ స్కోరును ఇవాళ్టి టీ20 స్ట్రైక్ రేటుతో ఎవరైనా పోలిస్తే మనం ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం 32,838 గజాలేనా, 197 టచ్‌డౌన్‌లేనా అని పెదవి విరుస్తారు. పాత నిబంధనల్లో రెండుసార్లు, కొత్త నిబంధనల్లో రెండుసార్లు లీగ్‌కి మొదటివాడుగా నిలిచిన మనిషి అని మాత్రం గుర్తు చేసుకోరు.

ఈనాటి ఆట తీరుకు బీజం పడింది కూడా ఆయన చేతుల్లోనే. బెంగాల్స్‌లో పాల్ బ్రౌన్ కింద పనిచేసిన బిల్ వాల్ష్ అనే కోచ్ చిన్నచిన్న పాసులతో ఒక పద్ధతి అల్లాడు. క్వార్టర్‌బ్యాక్ మూడడుగులో అయిదడుగులో వెనక్కి వేస్తాడు. రిసీవర్ ఇటు తిరిగేసరికి బంతి అటు బయల్దేరి ఉండాలి. అడుగుకీ విసురుకీ తాళం తప్పితే పద్ధతి మొత్తం కూలుతుంది. అడుగు ఆలస్యమైతే డిఫెండర్ మధ్యలో దూరిపోతాడు, ముందే విసిరితే రిసీవర్ తిరిగి ఉండడు. ఇల్లినాయిస్‌లోని ఆగస్టానా అనే చిన్న కళాశాల నుంచి వచ్చి, కళాశాల ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండులో ఎంపికైన ఆండర్సన్ ఆ తాళం పట్టాడు. 1974 నవంబరులో పిట్స్‌బర్గ్ మీద 22 విసిరితే 20 అందాయి. ఆ పిట్స్‌బర్గే ఆ సీజన్ సూపర్‌బౌల్ గెలిచింది. 1982లో, సమ్మె వల్ల కుదించిన సీజన్‌లో, ఆయన విసిరినవాటిలో నూటికి 70.55 అందాయి. ఆ రికార్డు 27 ఏళ్లు నిలిచింది. 2009లో డ్రూ బ్రీస్ 70.62తో వెంట్రుకవాసిలో దాటాడు. బ్రీస్‌కి 2026లో, పేరు పరిశీలనకు వచ్చిన మొదటి ఏడాదే, తలుపు తెరుచుకుంది. తెరుచుకోవాల్సిందే. ఆయన దాటిన మనిషికీ తెరవమంటున్నాం.

వాల్ష్ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి అదే పద్ధతి జో మొంటానాకి నేర్పాడు. 1982 జనవరి 24న 16వ సూపర్‌బౌల్‌లో గురువూ పాత శిష్యుడూ ఎదురెదురు నిలబడ్డారు. విరామానికి బెంగాల్స్ 20–0 వెనకబడి ఉంది. మొదటిసారి బంతి చేతికొచ్చినప్పుడే గోల్ గీత దగ్గర ఆండర్సన్ విసిరింది ఎదుటివాళ్ల చేతిలో పడింది, అది ఆయన తప్పే. మూడో క్వార్టర్‌లో లెక్క 20–7కి వచ్చాక, గీతకి మూడు గజాల దూరంలో బెంగాల్స్‌కి నాలుగు అవకాశాలు దొరికాయి. భారీ మనిషి పీట్ జాన్సన్ మొదటిసారి రెండు గజాలు తోసుకుపోయాడు. రెండోసారి కదల్లేదు. మూడోసారి ఆండర్సన్ పక్కకి చిన్న పాస్ వేశాడు. చార్లెస్ అలెగ్జాండర్ పట్టుకున్నాడు, కానీ డ్యాన్ బంజ్ అనే డిఫెండర్ గీతకి గజం లోపు అతణ్ణి నిలువునా పట్టి వెనక్కి పడేశాడు. నాలుగోసారి జాన్సన్ మళ్లీ ఆగిపోయాడు. చివరికి 26–21తో ఓటమి. ఆ రోజు ఆండర్సన్ 34 విసిరితే 25 అందాయి, 300 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు విసిరాడు, ఒకటి తానే పరిగెత్తి కొట్టాడు, రెండు ఇంటర్‌సెప్షన్‌లు. మొత్తం గజాల్లో బెంగాల్స్‌దే పైచేయి, 356కి 275. ఆ ఒక్క గజం అటు జరిగి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదని మా గట్టి నమ్మకం.

ఉంగరం లేదు కదా అంటారు. సూపర్‌బౌల్ గెలిచినవాళ్లకి ఇచ్చే ఉంగరమే అర్హత అయితే డ్యాన్ మరీనో లోపల ఉండకూడదు, నాలుగు సూపర్‌బౌల్‌లు ఓడిన జిమ్ కెల్లీ ఉండకూడదు, మూడు ఓడిన ఫ్రాన్ టార్కెంటన్ ఉండకూడదు, అసలు సూపర్‌బౌలే ఆడని వారెన్ మూన్, డ్యాన్ ఫౌట్స్ ఉండకూడదు. ఇదే ఫౌట్స్ జట్టును 1982 జనవరి 10న, సున్నాకి 23 సెల్సియస్ డిగ్రీలు దిగువన గడ్డకట్టిన సిన్సినాటి మైదానంలో, ఆండర్సన్ జట్టు 27–7తో ఓడించింది. ఫౌట్స్ 1993లోనే లోపలికి వెళ్లాడు. మన దగ్గర వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ ఆడలేదు. అందుకని 134 టెస్టులు ఆడిన, ఈడెన్ గార్డెన్స్‌లో 281 కొట్టిన మనిషిని గొప్పవాడు కాదన్న హైదరాబాదీని మాకు చూపించండి.

ఆండర్సన్‌కి వ్యతిరేకంగా చెప్పగల నిజమైన మాట ఒకటుంది. ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ పోటీల్లో, ఆరు ఆటలే ఆడాడు, రెండే గెలిచాడు. కాదనం. అయితే ఆ ఆరింటిలో ఆయన రేటింగ్ 93.5, కెరీర్ సగటు 81.9 కంటే బాగా ఎక్కువ. ఒత్తిడిలో చెయ్యి వణికిన మనిషి లెక్క అలా ఉండదు. ఎంవీపీ ఒక్కటే చాలుతుందని కూడా మేము అనడం లేదు. 1980లో బ్రయన్ సైప్, 1983లో జో థైస్మన్, 1988లో ఇదే బెంగాల్స్‌కి ఆడిన బూమర్ ఎసియాసన్, 2002లో రిచ్ గానన్ ఎంవీపీ అందుకున్నవాళ్లే. నలుగురూ బయటే ఉన్నారు, ఆ నలుగురి కోసం మేము పోట్లాడం. వాళ్లకి ఒకటి రెండు వెలుగు ఏళ్లు ఉన్నాయి. ఆండర్సన్ మొదటి, ఆఖరి రేటింగ్ కిరీటాలకు నడుమ ఎనిమిదేళ్లు.

లోపల ఉన్నవాళ్లతో పోల్చినా అంతే. జో నేమత్ 173 టచ్‌డౌన్‌లు, 220 ఇంటర్‌సెప్షన్‌లు. కెన్ స్టేబ్లర్ 194, 222. ఆండర్సన్ 197, 160. ముగ్గురిదీ ఇంచుమించు ఒకే కాలం. నేమత్, స్టేబ్లర్ ఇద్దరూ సూపర్‌బౌల్ గెలిచారు, వాళ్ల గౌరవం వాళ్లకుండాలి. కానీ బంతిని కాపాడుకోవడంలో తేడా కళ్లకు కట్టినట్టుంది.

ఇప్పుడు ఈలై మానింగ్. ఈ పేరెత్తకుండా న్యూజెర్సీ పాఠకులు మమ్మల్ని వదలరు. 2008 ఫిబ్రవరి 3న అప్పటిదాకా 18 ఆటలు గెలిచి ఓటమెరుగని న్యూ ఇంగ్లండ్‌ను న్యూయార్క్ జెయింట్స్ 17–14తో ఓడించింది. మూడో అవకాశం, ఇంకా అయిదు గజాలు కావాలి, నిమిషం పావు మిగిలింది. ఇద్దరు చొక్కా పట్టి లాగుతుంటే ఈలై వదిలించుకుని నడిమైదానంలోకి విసిరాడు. డేవిడ్ టైరీ గాలిలోకి ఎగిరి బంతిని తన హెల్మెట్‌కి అదిమిపట్టి నేలమీద పడ్డాడు. 32 గజాలు. మరి కాసేపటికి, 35 సెకన్లు ఉందనగా, ప్లాక్సికో బరెస్‌కి గెలుపు టచ్‌డౌన్. నాలుగేళ్లకి మళ్లీ అదే జట్టు మీద, తన 12వ గజం దగ్గర్నుంచి ఎడమ గీత వెంబడి మారియో మానింగమ్‌కి 38 గజాల పాస్, సూది బెజ్జంలోంచి దారం తీసినట్టు. రెండుసార్లూ ఆ ఆటకి ఎంవీపీ అతనే. 2011 ప్లేఆఫ్స్‌లో తొమ్మిది టచ్‌డౌన్‌లకి ఒక్కటే ఇంటర్‌సెప్షన్. ఇవన్నీ మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం.

కానీ 16 సీజన్లలో ఆ రెండూ తీసి పక్కనపెట్టండి. మిగతా 14లో ప్లేఆఫ్స్ గెలుపు ఒక్కటీ లేదు, ఆడిన నాలుగూ ఓటమే. రెగ్యులర్ సీజన్లలో గెలుపోటములు 117, 117. టచ్‌డౌన్‌లు 366, ఇంటర్‌సెప్షన్‌లు 244, ఒక్క 2013లోనే 27. రేటింగ్ 84.1, అది తన కాలపు సగటుకి దగ్గరే. లీగ్ అత్యుత్తమ జట్టులో, అంటే ఆల్‌ప్రోలో, ఒక్కసారీ చోటు రాలేదు. 210 ఆటలు వరసగా మానకుండా ఆడటం చిన్న విషయం కాదు. ఏదో ఒకనాడు అతను లోపలికి వెళ్తాడు, వెళ్తే మేము ఏడవం. తన కాలంలో నాలుగుసార్లు మొదటివాడైన మనిషి బయట ఉండగా, తన కాలంలో ఒక్క సీజన్‌లోనూ మొదటివాడు కాని మనిషి ముందు వెళ్లడమే సబబు కాదంటాం. రెండు ఉంగరాలే కొలత అంటే జిమ్ ప్లంకెట్‌కీ రెండున్నాయి. ఆయన 164 టచ్‌డౌన్‌లు, 198 ఇంటర్‌సెప్షన్‌లతో బయటే ఉన్నాడు.

2004లో జట్లు ఈలైతో అదలాబదలా చేసుకున్న ఫిలిప్ రివర్స్ సంగతి వేరు. 2020 దాకా 63,440 గజాలు, 421 టచ్‌డౌన్‌లు, రేటింగ్ 95.2, వరసగా 240 ఆటలు. 2026కి పేరు పరిశీలనకు వచ్చింది కూడా. ఇంతలో 2025 డిసెంబరులో, 44 ఏళ్ల వయసులో, ఇండియానాపొలిస్‌లో క్వార్టర్‌బ్యాకులు గాయపడితే మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆటగాళ్ల అసలు జాబితాలో పేరెక్కితే అయిదేళ్ల గడియారం మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మరో అయిదేళ్లు ఆగాలి. అప్పుడు మా ఓటు అతనికే.

మెక్‌నాబ్ గురించి ఫిలడెల్ఫియా వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయిదుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్‌బౌల్‌కి ముందు సెమీఫైనల్ లాంటిది) దాకా జట్టును తీసుకెళ్లాడు, 5,374 విసుర్లకి ఇంటర్‌సెప్షన్‌లు 117 మాత్రమే. చివరి 15 పేర్లలో అతని గురించి చర్చ జరగాలి. అయినా మాకు అతనికంటే ముందు తోచేది అదే జట్టుకి ఆడిన ర్యాండల్ కన్నింగమ్. పాసర్ రేటింగ్‌కి పరుగు కనబడదు, అదే దాని పెద్ద లోపం. కన్నింగమ్ పరిగెత్తి 4,928 గజాలు సంపాదించాడు, 1990లోనే 942. ఈనాడు ప్రతి జట్టూ వెతికే పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ అచ్చు అదే. విసరడం రాదన్నవాళ్లకి 1998లో మిన్నెసోటా తరఫున 34 టచ్‌డౌన్‌లు, 106.0 రేటింగ్‌తో జవాబు చెప్పాడు. ఆ జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడింది. కాన్ఫరెన్స్ ఫైనల్‌లో కిక్కర్ గోల్ స్తంభాల నడుమకి తన్నాల్సిన ఫీల్డ్‌గోల్ పక్కకి పోయి, చేతిదాకా వచ్చిన సూపర్‌బౌల్ జారిపోయింది. ఆఖరుగా ఆడింది 2001లో కనుక ఇక సీనియర్ల లెక్కలోకే వస్తాడు. ఆ ఇరుకు చీటీ విషయంలోనైనా సెలెక్టర్లు కళ్లు తెరవాలి.

ఒక మాట చెప్పక తప్పదు. స్టేబ్లర్ 2015 జులైలో పోయాడు, 2016లో హాల్‌లో చేర్చారు. ఆండర్సన్‌తో కలిసి బెంగాల్స్‌కి ఆడిన కెన్ రైలీ 2020లో పోయాడు, 2023లో చేర్చారు. హాల్‌లో చేరినవాళ్లకి తొడిగే పసుపు కోటు వాళ్ల ఒంటి మీద పడలేదు. ఆండర్సన్ పుట్టింది 1949 ఫిబ్రవరిలో.

ఎవరి పేరైనా అభిమానులు ప్రతిపాదించవచ్చు, ఉత్తరం రాస్తే చాలు, రుసుమేమీ లేదు. సిన్సినాటి, కొలంబస్, డేటన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో ఈ ఆట చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. రాసేటప్పుడు పొగడ్తలు వద్దు. నాలుగు రేటింగ్ కిరీటాలు, అవి వచ్చిన ఏళ్లు, 1978 నిబంధనల మార్పు, ప్లేఆఫ్స్ 93.5, ఈ నాలుగు వాక్యాలు ఒక పేజీలో పెట్టండి. కన్నింగమ్‌కి వేరే ఉత్తరం రాయండి, రెండు పేర్లు ఒకదాంట్లో కలపకండి. చిరునామా: ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, 2121 జార్జ్ హాలస్ డ్రైవ్ నార్త్‌వెస్ట్, క్యాంటన్, ఒహాయో 44708.

ఇట్లు,
ఒహాయో నుంచి కొందరు తెలుగు ఫుట్‌బాల్ అభిమానులు